టైల్స్ మీద పోసిన సాక

లోపల అడుగు పెట్టగానే రెండు వాసనలు ముక్కుకు తగిలాయి. పులిసిన బార్లీ పిప్పి వాసన ఒకటి, దాన్ని కప్పిపుచ్చడానికి కొట్టిన మల్లెపూల స్ప్రే వాసన ఇంకొకటి. పాచిపోయిన పప్పు మీద అత్తరు చల్లినట్టుంది. నేను మందు ముట్టను. అలాగని తాగేవాళ్ల మీద నాకు పగేమీ లేదు. కానీ ఆ మధ్యాహ్నం ‘తాటివనం’లో చూసినవి గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద గొంతు దిగదు.

పేరు చూసి తోట అనుకోకండి. గచ్చిబౌలిలో బీరు సొంతంగా తయారుచేసి, ముందు హాల్లోనే కుళాయిల్లోంచి గ్లాసుల్లోకి పట్టి అమ్మే చిన్న బ్రూవరీ అది. నా పక్కన నిలబడ్డ దేవిశ్రీ భర్త తిరుపతే అక్కడ బీరు తయారుచేసేవాడు. పోయిన మంగళవారం, బ్రూవరీ సెలవు రోజున, వెనక హాల్లో శవమై దొరికాడు. తల వెనక దెబ్బ ఉంది కాబట్టి హత్య అన్నారు. చంపాడని పట్టుకున్నది అక్కడే ట్యాంకులు కడిగే దినేశ్‌ని. అతను దేవిశ్రీకి స్వయానా తమ్ముడు.

మూసాపేటలో నా ఆఫీసు బోర్డు మీద ‘కనకలక్ష్మి, డిటెక్టివ్’ అని ఉంటుంది కానీ, మెట్లెక్కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లి సంబంధాలు వాకబు చేయమనేవాళ్లే. దేవిశ్రీ వచ్చిన రోజు ఆమె కళ్లలో చుక్క నీరు లేదు.

‘‘కనకక్కా, నా తమ్ముడు మా ఆయనను సంపలే. వాన్ని చిన్నప్పటి సంది సాదిందే ఆయన. మొగడు పాయె, ఇగ తమ్ముడు గూడ పోతే నేను ఎవరి మొకం సూడాలె?’’ అంది.

దినేశ్ బెయిలు వాదన మర్నాడు పొద్దున. దానికి అడ్డం పడుతున్నది ఒక్కటే, శ్రీనివాసులు అనే ప్రైవేటు డిటెక్టివ్ రాసిచ్చిన రిపోర్టు. అతన్ని పెట్టుకున్నది బ్రూవరీ ఓనరు నవీన్. శ్రీనివాసులుకూ నాకూ ఎప్పుడూ పడదు. అతను ఏసీ కార్లో తిరుగుతాడు, నేను షేర్ ఆటోలో తిరుగుతాను. గొడవ అది కాదు. ఎవరు డబ్బిస్తే వాళ్లకు నచ్చే నిజం వెతికిపెడతాడు. నాకు అది కిట్టదు.

లోపలికి రావడానికి మేము ఏ ఎత్తూ వేయనక్కర్లేకపోయింది. నవీనే దేవిశ్రీకి ఫోన్ చేసి పిలిచాడు. ఎందుకో గోడ మీద పెద్ద తెర చూస్తే తెలిసింది. దండ వేసిన తిరుపతి ఫొటో, దాని కింద రంగుల అక్షరాలు: ‘తిరుపతన్నకు నివాళి. అన్న చేతి చివరి బ్యాచ్. తాటివనం స్పెషల్. ఈ రోజు అయిదింటికి.’ మొదటి గ్లాసు భార్య చేతుల మీదుగా పట్టించి వీడియో తీసుకుంటాడట. మనిషి చచ్చి పది రోజులు కూడా కాకుండానే వాడి పేరు మీద అమ్మకం. నాకు ఒళ్లు మండిపోయింది.

ఫొటో పోయి తెర మీద రీల్ మొదలైంది. తిరుపతి తళతళలాడే గమ్‌బూట్లు వేసుకుని, మెరిసే స్టీలు ట్యాంకు ముందు నిలబడి, ఇత్తడి చెంబుతో టైల్స్ మీద పసుప్పచ్చటి ధార పోస్తున్నాడు. వెనక డప్పుల మోత. కల్లు తాగే ముందు దేవుడి పేరున, పోయిన పెద్దల పేరున నేల మీద కొంత పోస్తారు, దాన్నే మావైపు సాక అంటారు. తిరుపతిది కల్లు గీసే గౌడుల ఇల్లు. బీరు పనిలో చేరినా, కొత్త ట్యాంకు తెరిచినప్పుడల్లా సాక పోయందే చుక్క బయటికి వదిలేవాడు కాదు. దాన్ని కూడా ప్రకటన చేసుకున్నారు.

దేవిశ్రీ తెర చూడటం లేదు. గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన తాళ్ల చుట్టను చూస్తోంది. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకు అది. కింద రెండు రంగుల లైట్లు.

‘‘గది మా మామ మోకు అక్కా. ఫొటో దిగి ఇస్తనని గీ నవీన్ సారు తెచ్చుకున్నడు. మల్ల ఇయ్యలే,’’ అంది చిన్నగా.

హాలు కిటకిటలాడుతోంది. మెడల్లో ఆఫీసు కార్డులతో, ల్యాప్‌టాప్ బ్యాగులతో కుర్రకారు. విచిత్రం ఏమిటంటే, మిగతా రకాల బీరు కుళాయిలన్నీ తెరిచే ఉన్నా ఒక్కడి ముందూ గ్లాసు లేదు. అందరూ గోడ గడియారం వైపే చూస్తున్నారు. తలుపు పక్క టేబుల్ దగ్గర ఒకడు మంచినీళ్ల గ్లాసు ఎత్తబోయి సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఆఫీసుల్లో మనుషుల్ని తీసేస్తున్నారు కదా, ఆ బెంగేమో అనుకున్నాను.

‘‘ఏమక్కా, మూసాపేట నుంచి ఈడిదాకా వచ్చినావే! పెండ్లికొడుకు ఎవరన్నా ఈడ పనిచేస్తాండాడా?’’

శ్రీనివాసులు గొంతు. అనంతపురం మనిషి, మాటల్లో ఎప్పుడూ ఎదుటివాడి చెవి మెలిపెట్టే పొగరు. అంత ఏసీలోనూ చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

‘‘పెండ్లికొడుకు సంగతి తర్వాత. జైల్ల ఉన్న పోరని సంగతి జెప్పు. ఏం లెక్క మీద వాన్ని ఇరికిచ్చినవ్?’’ అన్నాను.

‘‘ఇరికిచ్చేది ఏముందక్కా, కండ్ల ముందర ఉండాది. నువ్వు చదువుకున్న దానివే కదా, విను.’’ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ‘‘ఆ దినం పన్నెండుకి నాలుగో ట్యాంకు ఫొటో తీసినారు. నేల అద్దం మాదిరి ఉండాది. అప్పట్నుంచి మూడింటి దాకా నవీన్ సారూ, తిరుపతీ ఇద్దరూ ఆఫీసు గదిలో వీడియో కాల్‌లో ఉండారు. రికార్డు ఉండాది. మూడున్నరకి సార్ గేటు దాటి ఎల్లిపోయినాడు. అయిదుకి పావు తక్కువకి దినేశ్ వచ్చినాడు. మధ్యలో పురుగు కూడా గేటు దాటలేదు. కెమెరా చెప్తాంది, నేను కాదు.’’

‘‘అయితే మూడు నించి మూడున్నర దాంక నవీన్ ఒక్కడే ఉన్నడు గద తిరుపతి తోటి?’’

‘‘ఆడికే వస్తాండా.’’ శ్రీనివాసులు ముఖం వెలిగిపోయింది. ‘‘నాలుగో ట్యాంకు ముందర సాక పోసి ఉండాది. మంగళవారం రాహుకాలం ఎప్పుడక్కా? మూడు నుంచి నాలుగున్నర. తిరుపతి రాహుకాలంలో ట్యాంకు కుళాయి మీద చెయ్యి కూడా ఎయ్యడు. ఈడ వాచ్‌మన్‌ని అడిగినా చెప్తాడు. అంటే ఏమి? నాలుగున్నర దాటినంక కూడా మనిషి బతికే ఉండాడు. సాక పోసినాడు. అప్పుడు లోపల ఉండేది ఎవరు? మీ దినేశ్ ఒక్కడే. ముందురోజే బావాబామ్మర్దులు అరుచుకున్నారు కూడా.’’

కాదనలేని లెక్క. రాహుకాలాన్ని సాక్షిగా నిలబెట్టిన డిటెక్టివ్‌ని నా సర్వీసులో చూడలేదు. లోపల ఎక్కడో మెచ్చుకున్నాను కూడా. పైకి మాత్రం, ‘‘ఆ జాగ జూపియ్యి’’ అన్నాను.

అంతలో నవీనే వచ్చాడు. నలభై లోపు మనిషి, నల్ల టీషర్టు మీద తాటిచెట్టు బొమ్మ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి ఈ బ్రూవరీ పెట్టాడు.

‘‘వదినగారూ, మీరు వస్తారో రారో అని టెన్షన్ పడ్డాను. తిరుపతన్న నాకు సొంత బ్రదర్ అండి. ఈ రోజు సేల్ మొత్తం ఆయన మెమరీకే డెడికేట్ చేస్తున్నాం. అయిదింటికి మీరు జస్ట్ ట్యాప్ ఓపెన్ చేసి, కెమెరా వైపు చూసి ఒక్క మాట చెప్తే చాలు. ఏడుపొస్తే ఆపుకోకండి, అది నేచురల్‌గా ఉంటుంది.’’

దేవిశ్రీ పళ్లు నూరడం నాకు వినిపించింది. నేను ఆమె చెయ్యి నొక్కి పట్టుకున్నాను. ‘‘ముందుగాల ఆమె మొగడు సచ్చిన జాగ సూస్తదట సారు,’’ అన్నాను. కాదనడానికి అతనికి మొహం చెల్లలేదు.

వెనక హాల్లో స్టీలు ట్యాంకులు వరసగా ఉన్నాయి. మూలన పిప్పి నింపిన డ్రమ్ముల మీద ఈగలు జుయ్యిమంటున్నాయి. తిరుపతి దొరికింది చివరన ఉన్న ఖాళీ ట్యాంకులో. కింద ఉండే గుండ్రటి తలుపులోంచి తలా భుజాలూ లోపలికి, కాళ్లు బయటికి. బీరు తీసేసిన ట్యాంకులో గ్యాసు నిలిచి ఉంటుంది, తల పెడితే మనిషి అక్కడికక్కడే కూలిపోతాడు. ఎవరో అలా కనిపించాలనే తోశారు. తల వెనక దెబ్బ లేకపోతే ప్రమాదం కింద కొట్టుకుపోయేది.

దాని పక్కదే నాలుగో ట్యాంకు. స్పెషల్ ఉన్నది అందులోనే. దాని ముందు టైల్స్ మీద సుద్దముక్కతో గీసిన గుండ్రం. గుండ్రంలో ఎండి గట్టిపడిన జిగట మరక, అందులో అతుక్కుని చచ్చిన చీమలు. నేను వంగి చూశాను. ధార గురిపెట్టి పోసినట్టుంది, పక్కలకు ఎక్కడా చిందలేదు.

‘‘సాక పోసుడు మీరెప్పుడన్న సూసిన్రా సారు?’’ నవీన్‌ని అడిగాను.

‘‘ఎన్నిసార్లో! ప్రతి బ్యాచ్‌కీ ఇక్కడే, ఈ స్పాట్‌లోనే.’’

‘‘ఎట్ల పోస్తడు? నాకు తెల్వదు, జర చేసి చూపియ్యరాదుండ్రి.’’

తెలియదన్నానంటే అబద్ధమే. నేను పుట్టి పెరిగింది కల్లు దుకాణం పక్క సందులో. నవీన్ మాత్రం చెప్పే అవకాశం వస్తే వదిలేవాడు కాదు. అద్దాల బీరువా తాళం తీసి ఇత్తడి చెంబు తెచ్చాడు.

‘‘ట్యాప్ నుంచి చెంబులోకి పడతాడు. ట్యాంకుకు ఎదురుగా ఇలా నిలబడతాడు. కాళ్లు కొంచెం ఎడంగా. తర్వాత ఇలా సన్నటి ధార.’’ ఒట్టి చెంబును గాల్లో వంచాడు. రీల్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే.

‘‘కాళ్లకు ఏముంటయి?’’

‘‘గమ్‌బూట్స్. సేఫ్టీ విషయంలో నేను చాలా స్ట్రిక్ట్ అండి.’’

‘‘సచ్చిపోయిన నాడు గూడ కాళ్లకు బూట్లున్నయి గద?’’ శ్రీనివాసులును అడిగాను.

‘‘ఉండాయి. ఫొటోల్లో ఉండాయి. అయితే ఏమి?’’

నేను జవాబు చెప్పకముందే దేవిశ్రీ గొంతు లేచింది. ‘‘బూట్లేసుకోని సాక పోస్తడా? చెప్పులేసుకోని మీరు దేవునికి దండం పెడ్తరా సారూ? సాక మట్టికి పోస్తరు. గీ బండల మీద పోస్తే నలుగురు తొక్కుకుంట తిరగరా? మా ఆయన గసొంటి పని పానం పొయినా చెయ్యడు.’’

‘‘రీల్‌లో చేసినాడు కదమ్మా, ఊరంతా చూసినారు,’’ అన్నాడు శ్రీనివాసులు.

‘‘గది నీళ్లు! బాటిల్ నీళ్లల్ల పసుపు కలిపి పోయించిన్రు. నిజం బీరు అయితే నేను పొయ్య అన్నడట. ఇంటికొచ్చి జెప్పుకుంట ఎంత నవ్విండో. ఆ బూట్లు గూడ గీ సారే కొనుక్కొచ్చి తొడిగిచ్చిండు.’’

‘‘మరి నిజం సాక ఏడ పోస్తుండె?’’ అడిగాను.

ఆమె వెనక తలుపు తోసుకుని బయటికి నడిచింది. ప్రహరీ గోడ పక్కన అరచేతి వెడల్పు మట్టి నేల. అక్కడ మోకాలెత్తు రాయి, దాని మీద వెలిసిపోయిన పసుపు, కుంకుమ బొట్లు. కాటమయ్య రాయి. గీత పనివాళ్ల దేవుడు. పని మొదలైన ఏడాదే తిరుపతి నాటుకున్నాడట. ఇప్పుడు ఆ రాయి నెత్తిన సిగరెట్లు ఆర్పిన నల్ల మచ్చలు. చుట్టూ పీకలు, నమిలి ఊసిన చూయింగ్ గమ్, ఎవడో కక్కిన మరక.

‘‘స్మోకింగ్ జోన్ అండి అది,’’ అన్నాడు నవీన్ వెనక నుంచి. ‘‘రాయి ఉందని కూడా నేను గమనించలేదు.’’

దేవిశ్రీ కూర్చుని ఒక్కో పీకా ఏరి పారేస్తోంది. నేను మట్టి కొంచెం తీసి వాసన చూశాను. పైన బూడిద కంపు, దాని కింద ఏళ్ల తరబడి ఇంకిన పుల్లటి వాసన. ఇన్నేళ్ల సాక ఎక్కడికి పోయిందో ఆ మట్టే చెప్పింది. నవీన్ ‘ప్రతి బ్యాచ్‌కీ ఇక్కడే’ అన్న టైల్స్ మీద మాత్రం ఒక్క మరకే ఉంది.

‘‘ఇగ విను శ్రీనివాసులూ,’’ అన్నాను. ‘‘టైల్స్ మీద పోసినోడు సాకను రీల్ల సూసి నేర్చుకున్నోడు. దినేశ్ గీ రాయి కాడ బావ సాక పోస్తుంటె సూసినోడు. దొంగ సాక పొయ్యాల్నంటే వాడు ఈడ పోస్తడు, ఆడ పొయ్యడు. తిరుపతి అసలే పొయ్యడు. సాకనే అబద్ధమైతే నీ రాహుకాలం లెక్క ఏమైతది? మూడు దాటినంక తిరుపతి బతికున్నడని జెప్పెటందుకు నీ దగ్గర ఇంకేమన్న ఉన్నదా?’’

శ్రీనివాసులు చేతిరుమాలు జేబులో కుక్కాడు. మెల్లిగా తల నవీన్ వైపు తిప్పాడు. ‘‘సార్, మూడు నుంచి మూడున్నర దాకా మీరు ఏం చేస్తాండారు?’’

‘‘మిమ్మల్ని పెట్టుకుంది నేను శ్రీనివాసులుగారూ.’’

‘‘ఆ మాట నాకూ తెలుసు సార్. అడిగిన దానికి చెప్పండి.’’

ఆ క్షణంలో మొదటిసారి శ్రీనివాసులు నాకు మనిషిలా కనిపించాడు. నవీన్ మాత్రం బెదరలేదు. మమ్మల్ని లోపలికి రమ్మని, ట్యాంకుల మధ్య నిలబడి నవ్వాడు.

‘‘ఎవరో స్టాఫ్ పోసి ఉంటారు. రాయి, మట్టి, సాక... ఇవన్నీ కోర్టులో నిలబడతాయా? అయినా తిరుపతన్నను చంపితే నాకేంటి లాభం? స్పెషల్ తయారుచేసిందే ఆయన. మా కస్టమర్ లాయల్టీ మీకు తెలుసా? పోలీసులు నాలుగు రోజులు సీల్ వేస్తే జనం గేటు పట్టుకుని ఏడ్చారండి. పక్కన ఇంకో బ్రూవరీ తెరిచే ఉంది, అక్కడికి పోలేదు. మా స్పెషలే కావాలి. ఒకతనికి గేటు ముందే ఫిట్స్ వచ్చి పడిపోయాడు, ఇంకొకడు గోడలతో మాట్లాడుతున్నాడు. వీడియోలున్నాయి. ఏ బ్రాండుకి ఉంటుంది అంత క్రేజ్?’’

అతనికి అది గొప్ప. నాకేమో అసహ్యం తప్ప ఇంకేం తట్టలేదు. దేవిశ్రీ మాత్రం గిర్రున వెనక్కి తిరిగింది. హాలుకూ ట్యాంకులకూ మధ్య ఉన్న అద్దం దగ్గరికి వెళ్లి, అవతల కూర్చున్న జనాన్ని చూసింది.

‘‘అక్కా, ఇటు రా. గీళ్ల చేతులు సూడు.’’

చూశాను. టేబుళ్ల మీద చేతులన్నీ వణుకుతున్నాయి. ఒకడు వణుకు ఆగడానికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఒకమ్మాయి ఫోన్ పట్టుకోలేక టేబుల్ మీద పెట్టి వేలితో పొడుస్తోంది.

‘‘మా అత్తగారి ఊళ్ల కల్లు డిపో బంద్ వెట్టిన్రు ఒకపారి,’’ అంది దేవిశ్రీ. ‘‘మా మామకు మూతి వంకర వోయింది. మెడ తిరగలే. మంచానికి కట్టేసినం. ఊళ్ల సగం మంది గట్లనే, కొందరికి ఫిట్స్, కొందరు గోడలతోటి మాట్లాడుడు. ఉత్త కల్లు తాగెటోనికి గట్ల కాదక్కా. మత్తు గోలీల పొడి కలిపిన కల్లు తాగెటోనికే అయితది. అలవాటు పడ్డంక అది తప్ప ఇంకోటి పనిచెయ్యది. మా మామ దవాఖానలనే పాయె. గందుకే మా ఆయన కల్లు ఇడిసిపెట్టి, శుద్ధమైన పని అని గీడికొచ్చిండు.’’

ఆమె నవీన్ వైపు తిరిగింది. ‘‘సచ్చిపోయే ముందు రాత్రి ఇంటికొచ్చి ఉప్పునీళ్లతోటి నోరు కడిగిండు. మల్ల మల్ల కడిగిండు. ఏమైందే అంటే, ‘మా నాయన నోటి వాసన వస్తుంది’ అన్నడు. నాకు సమజ్ కాలే. తమ్మున్ని ఈడ పని ఇడిసిపెట్టమని ఆయన లొల్లి వెట్టుకున్నది గూడ గందుకే. నువ్వు నా మొగని బీరుల గది కలిపినవ్.’’

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ‘‘ఇన్నాళ్లు కుళాయి కాడ కలిపినవ్, ఆయనకు దొరకలే. ఈపారి ట్యాంకులనే కలిపినవ్. రుచి సూసెటోని నాలికకు దొరికినవ్. కాల్ అయిపోంగనే నిన్ను గట్టిగ అడిగుంటడు, గంతే గదా?’’

నవీన్ నవ్వు ఆగిపోయింది. జవాబు కోసం నేను ఆగలేదు. సంచీలోంచి మంచినీళ్ల సీసా తీసి, నీళ్లు పారబోసి, నాలుగో ట్యాంకు కుళాయి కింద పట్టాను. బంగారు రంగు బీరు నురగలు కక్కుతూ నిండింది. పరీక్షకు ఇచ్చామని జడ్జికి చూపిస్తే చాలు, రేపు పొద్దున దినేశ్ బయటికి వస్తాడు.

నవీన్ నన్ను ఆపలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది. నేను మూత బిగిస్తుండగా అతను వంగి ట్యాంకు అడుగున ఉన్న పెద్ద గొట్టం మీట తిప్పాడు. బీరు బుసకొడుతూ నేల మీదికి దూకింది. నా చెప్పుల మీదుగా, సుద్ద గుండ్రం మీదుగా, చచ్చిన చీమల్ని లేపుకుంటూ మోరీలోకి పారింది. ఆ కంపుకు నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

‘‘అయ్యో, అయ్యో!’’ అన్నాడు శ్రీనివాసులు. సాక్ష్యం పోతోందని బాధ అనుకున్నాను.

‘‘ఫికర్ జెయ్యకు, సీసా నిండింది. రిపోర్టు సంగతి జెప్పు.’’

‘‘వాపసు తీసుకుంటాక్కా. తప్పు నాదే. రేపు కోర్టుకి నేనే వచ్చి చెప్తా,’’ అన్నాడు. కళ్లు మాత్రం పారుతున్న బీరు మీదే ఉన్నాయి.

నవీన్ అప్పటికే హాల్లోకి నడిచాడు. ఈ గ్యాసు గదిలో పెట్టి తాళం వేస్తాడేమోనని నేను దేవిశ్రీని లాక్కుని అతని వెనకే పరుగెత్తాను. శ్రీనివాసులు మా వెనక వచ్చాడు. మేము బయటపడగానే నవీన్ ఆ తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, తాపీగా మైకు అందుకున్నాడు.

‘‘ఫ్రెండ్స్, చాలా సారీ. ఈ మేడమ్ కంప్లైంట్ వల్ల స్పెషల్ మొత్తం డ్రైన్‌లోకి పోతోంది. ఈ రోజు లేదు. రేపు లేదు. ఇంకెప్పుడూ ఉండకపోవచ్చు.’’ ఒక్క క్షణం ఆగి నా సంచీ వైపు వేలు చూపించాడు. ‘‘మిగిలింది ఒక్క బాటిల్. అది మేడమ్ దగ్గర ఉంది.’’

హాల్లో ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. కుర్చీలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. మెడల్లో కార్డులు వేలాడుతుండగా మంచి ఇళ్ల పిల్లలు, మంచి జీతాల పిల్లలు, నోట్లో లాలాజలం మింగుకుంటూ లేచి నిలబడ్డారు. తలుపు దగ్గర నీళ్లు ఒలకబోసుకున్నవాడు తలుపుకు అడ్డంగా నిలబడి, ‘‘ఆంటీ, ప్లీజ్,’’ అన్నాడు. వాడి వయసు నా కొడుకు వయసే. వాళ్లను చూస్తే భయం వేసింది, రోత పుట్టింది, జాలి కూడా వేసింది. వీళ్లను ఇలా చేసినవాడు మైకు పట్టుకుని, పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

‘‘ఎవ్వలకు ఇయ్యకక్కా, మా తమ్ముని పానం ఆ సీసల ఉన్నది,’’ అని దేవిశ్రీ నాకు ముందు అడ్డంగా వచ్చి నిలబడింది.

నేను సంచీ గుండెలకు అదుముకుని ఒక్కో అడుగూ గోడ వైపు జరిగాను. పక్కన శ్రీనివాసులు ఉన్నాడన్న ధైర్యం ఒకటి. మనిషి ఆరడుగులు, ఒక్క తోపు తోస్తే ఈ పిల్లలు పక్కకు పోతారు.

‘‘శ్రీనివాసులూ, నువ్వు ముంగట నడువు. మేము నీ ఎనక వస్తం.’’

అతను కదల్లేదు. ముఖమంతా చెమట, పెదవులు పొడిబారి తెల్లగా ఉన్నాయి. నా సంచీ పట్టీ మీద ఒక చెయ్యి పడింది. గట్టిగా పట్టుకుంది, కానీ ఆ చెయ్యి ఆగకుండా వణుకుతోంది.

‘‘ఒక్క గుక్క ఇయ్యక్కా,’’ అన్నాడు. ఆ గొంతులో పొగరు లేదు. ‘‘ఒక్కటే గుక్క. కోర్టుకి వస్తా, నువ్వు ఏం చెప్పమంటే అది చెప్తా. శానా దినాల నుంచి రోజూ ఈడే తాగుతాండా, ఇది లేక నాలుగు దినాలాయె నిద్ర లేదు. ఇంట్లో పిల్లోల్ల మీద చెయ్యెత్తినా. ఒక్క గుక్క తాగి మిగతాది నీకే ఇస్తా, మా అమ్మ మీద ఒట్టు.’’

నేను బదులు చెప్పేలోపే అతని రెండో చెయ్యి సంచీలో దూరి, సీసా మూత తిప్పుతోంది.